లా కాలేజీలో పబ్లిక్ లెక్చర్‌కి వెళ్లాలంటే: కోర్టు బయటి టైపిస్టు చెప్పే సంగతులు

సికింద్రాబాద్ కోర్టు బయట ఇరవై రెండేళ్లు జాబ్ టైపింగ్ చేశాను. మొదట్లో మిషను, తర్వాత కంప్యూటరు. పేజీకి ఇంత అని లెక్క. అఫిడవిట్లు, నోటీసులు, కౌంటర్లు, వకీలుగారి చేతిరాత ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా తప్పు లేకుండా కొట్టేదాన్ని. 'లోకస్ స్టాండై' అన్న మాట ఎన్ని వందలసార్లు కొట్టానో లెక్కలేదు. దానికి అర్థం మాత్రం యాభయ్యో ఏట తెలిసింది. అదీ కోర్టులో కాదు, ఒక లా యూనివర్సిటీ ఆడిటోరియంలో, వెనక నుంచి మూడో వరసలో కూర్చున్నప్పుడు.

నన్ను అక్కడికి పంపింది మా దగ్గర టైపింగ్ చేయించుకునే ఒక జూనియర్ లాయరమ్మాయి. "అక్కా, నువ్వు రోజూ కొట్టే మాటల మీదే లెక్చరు. టికెట్ లేదు, ఏం లేదు, ఊరికే రా" అంది. నాకు మొదట వచ్చిన అనుమానం: నాలాంటిదాన్ని గేటు దగ్గర ఆపేస్తారేమో అని. ఇప్పుడు మా వీధిలో ఇద్దరు ముగ్గురు అదే అడుగుతున్నారు. డిగ్రీ చదివే మా మేనకోడలు కూడా అడిగింది. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఇలా రాసిపెడుతున్నా.

ఏవి మనకు, ఏవి కావు

లా కాలేజీలో మైకు పెట్టిన ప్రతిదానికీ వెళ్లిపోకూడదు. గెస్ట్ లెక్చర్ అంటే చాలావరకు ఆ కాలేజీ పిల్లల కోసం పెట్టేది. సెమినార్, కాన్ఫరెన్స్ అంటే పేపర్లు చదివేవాళ్లు వస్తారు, ఫీజు కట్టాలి, రెండు రోజులు కూర్చోవాలి. మూట్ కోర్ట్ అంటే విద్యార్థులు కల్పిత కేసు మీద వాదించుకునే పోటీ. సరదాగానే ఉంటుంది కానీ మొదటిసారి వెళ్లేవాళ్లకు తలా తోకా దొరకదు.

మనకు పనికొచ్చేవి స్మారకోపన్యాసాలు. పోస్టరు మీద మెమోరియల్ లెక్చర్ అనో, ఎండోమెంట్ లెక్చర్ అనో, యాన్యువల్ లెక్చర్ అనో ఉంటుంది. ఎవరో ఒక పెద్ద న్యాయమూర్తి పేరో, ప్రొఫెసర్ పేరో నిలబడాలని కుటుంబం వాళ్లో శిష్యులో కాస్త డబ్బు జమచేసి, ఏటా ఒక ఉపన్యాసం ఇప్పించమంటారు. వీటికి హాలు నిండటం వాళ్లకీ కావాలి. అందుకే తలుపులు తెరిచి ఉంటాయి. కొత్త చట్టం ఏదైనా వచ్చినప్పుడు పెట్టే ప్యానెల్ డిస్కషన్లు కూడా మంచివే. ఒకరు అవుననీ ఇంకొకరు కాదనీ అంటే మనకు సులభంగా అర్థమవుతుంది.

హైదరాబాద్ వాళ్లకు శామీర్‌పేటలో నల్సార్ అనే లా యూనివర్సిటీ ఉంది, 1998లో పెట్టారు. ఉస్మానియా క్యాంపస్‌లో లా కాలేజీ ఉంది, బషీర్‌బాగ్‌లో వాళ్లదే పీజీ లా కాలేజీ ఉంది. ప్రైవేటు యూనివర్సిటీల లా స్కూళ్లూ ఈమధ్య ఎక్కువయ్యాయి. విశాఖ వైపు వాళ్లకు ఆంధ్రా యూనివర్సిటీలో అంబేద్కర్ లా కాలేజీ, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు నాగరభావిలో నేషనల్ లా స్కూల్ ఉండనే ఉంది.

సమాచారం ఎలా తెలుస్తుందంటే, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఈవెంట్స్ పేజీ ఒకటి ఉంటుంది, అది చాలాసార్లు కార్యక్రమం అయిపోయాక నిండుతుంది. దానికన్నా అక్కడి విద్యార్థుల కమిటీలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే పోస్టర్లు నయం. వారానికోసారి చూస్తే చాలు.

పోస్టరు దొరికాక బొమ్మ వదిలేసి అడుగున చిన్న అక్షరాలు చదవండి. 'ఓపెన్ టు ఆల్' అని ఉంటే తిన్నగా వెళ్లొచ్చు. 'బై ఇన్విటేషన్' అని ఉంటే వదిలేయండి. 'ఆర్ఎస్‌వీపీ' అని ఉంటే వస్తున్నదీ లేనిదీ ముందుగా చెప్పమని. లింకు ఉంటే ఫారం నింపాలి. అందులో 'ఇన్‌స్టిట్యూషన్' అన్న గడి చూసి చాలామంది ఆగిపోతారు. నేను అక్కడ 'పౌరురాలు' అని ఇంగ్లీషులో రాస్తాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

ఏదీ రాయకపోతే ఒక మెయిల్ పెట్టండి. నాలుగు లైన్లు చాలు: నేను ఫలానా, న్యాయ విద్యార్థిని కాను, ఫలానా తేదీ లెక్చరుకు రావాలని ఉంది, బయటివాళ్లకు అనుమతి ఉందా, గేటు దగ్గర ఏం చూపించాలి. ఈ చివరి ప్రశ్న ముఖ్యం. జవాబు వస్తే దాన్ని ఫోనులో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నదే. ఒకసారి రెండు బస్సులు మారి, ఎండలో నడిచి ఒక కాలేజీకి వెళ్తే, లెక్చరు ఆన్‌లైన్‌కి మారిందని వాచ్‌మన్ చెప్పాడు. ముందురోజు రాత్రి ఎక్కడో పోస్టు పెట్టారట. పాపం ఆయనే కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాడు. గేటు పక్కన కూర్చుని ఫోనులోనే లెక్చరు విన్నాను, సగం సిటీ బస్సుల హారన్లతో. అప్పటినుంచి వెళ్లే రోజు పొద్దున ఒకసారి పోస్టరు మళ్లీ చూడందే చెప్పులు వేసుకోను.

వెళ్లే ముందు ఒక గంట

అందరూ దాటేసేది ఇక్కడే. నా మటుకు నాకు లెక్చరు కన్నా ఈ గంటే విలువైనది.

ఖాళీ బుర్రతో వెళ్తే గంటన్నర ఇంగ్లీషు మన చెవుల పక్కనుంచి వెళ్లిపోతుంది. మొత్తం చదివి వెళ్లాలనుకుంటే వారం ముందే నీరసం వస్తుంది. మధ్యలో ఉన్న దారి: ఆ టాపిక్‌కి సంబంధించిన ఒకే ఒక్క సెక్షన్ తీసి, అందులో ఏ మాట మీద గొడవ జరుగుతోందో కనిపెట్టడం. అంతే.

ఒకటి చేసి చూపిస్తాను. ఏజెన్సీ ప్రాంత భూముల మీద ఒక లెక్చరుకు వెళ్లాను. పోస్టరు మీద 'సమత తీర్పు', '1/70' అని ఉన్నాయి. 1/70 అని టైపు చేసినప్పుడల్లా నేను డెబ్బయ్యో వంతు వాటా అనుకునేదాన్ని. నవ్వకండి, నాకెవరూ చెప్పలేదు. అది 1970లో వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్. అసలు చట్టం 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన. దాన్ని 1970లో గట్టిగా బిగించారు.

దాని సెక్షన్ 3 తీశాను. సారం ఇది: ఏజెన్సీ ప్రాంతంలో ఒక 'వ్యక్తి', గిరిజనుడు కానీ కాకపోనీ, స్థిరాస్తిని బదలాయిస్తే, అది గిరిజనుడికో లేదా గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో చేస్తే తప్ప చెల్లదు. రెండుసార్లు చదివాను. బాగానే ఉంది, ఇందులో గొడవేముంది అనుకున్నాను. మూడోసారికి తట్టింది. అమ్మేది మనిషైతే సరే. మరి ఏజెన్సీలో ప్రభుత్వ భూమి ఉంటే? ప్రభుత్వం కూడా 'వ్యక్తే'నా?

సరిగ్గా ఆ ఒక్క మాట మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కేసు. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం, బొర్రా చుట్టుపక్కల ప్రభుత్వం గిరిజనేతరులకు గనుల లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలైలో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు అవును, ప్రభుత్వం కూడా వ్యక్తే అన్నారు. కాబట్టి ఆ లీజులు చెల్లవన్నారు. ఒకరు ఒప్పుకోలేదు.

ఇంతే నా చదువు. గంట కూడా పట్టలేదు. కానీ హాల్లో స్పీకర్ 'పర్సన్' అన్న మాట పలికినప్పుడల్లా నేను ముందుకు వంగి కూర్చున్నాను. పక్కనున్న అబ్బాయి ఫోను చూసుకుంటున్నాడు. అతను లా చదువుతున్నాడు, నేను చదవలేదు. ఆ సాయంత్రం మాత్రం నాకే ఎక్కువ అర్థమైందని నా నమ్మకం.

ఎక్కడ చదవాలంటే, కేంద్ర చట్టాలు ఇండియా కోడ్ సైట్‌లో ఉచితంగా ఉంటాయి, చాలా రాష్ట్ర చట్టాలు కూడా. రాజ్యాంగం తెలుగులో కావాలంటే కేంద్ర శాసన విభాగం సైట్‌లో పెట్టారు. ఆ తెలుగు కాస్త గట్టిది, పక్కన ఇంగ్లీషు ప్రతి కూడా తెరుచుకుంటే నయం. సుప్రీంకోర్టు తీర్పులు 2023 జనవరి నుంచి ఇ-ఎస్‌సీఆర్ అనే సుప్రీంకోర్టు వాళ్ల సైట్‌లో ఎవరైనా డబ్బు కట్టకుండా చూడొచ్చు. అంతకుముందు మా వకీళ్లు ఆ లావుపాటి రిపోర్టులు కొనలేక లైబ్రరీల చుట్టూ తిరిగేవాళ్లు. పార్లమెంటు బిల్లుల మీద లెక్చరైతే పీఆర్ఎస్ సంస్థ వాళ్ల సారాంశం తీయండి, నాలుగు పేజీల్లో తేలుస్తారు. తీర్పు మొత్తం చదవాలని మాత్రం కూర్చోకండి. సమత తీర్పే వంద పేజీలు దాటుతుంది.

బస్సు, గేటు, కుర్చీ

నేను అల్వాల్‌లో ఉంటాను కాబట్టి శామీర్‌పేట నాకు దగ్గరే. సికింద్రాబాద్ నుంచి వచ్చేవాళ్లు జూబ్లీ బస్టాండు వైపు నుంచి కరీంనగర్ రోడ్డు పట్టుకోవాలి. ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో జీరో టికెట్. దానికోసం ఆధార్ ఒరిజినల్ తీసుకెళ్తాం కదా, కాలేజీ గేటు దగ్గరా అదే కార్డు పనికొస్తుంది. శామీర్‌పేటలో దిగాక క్యాంపస్‌కి ఆటో చూసుకోండి. వెళ్లేటప్పుడే వచ్చే దారి కూడా ఆలోచించుకోవాలి. ఐదింటికి మొదలయ్యే లెక్చరు టీతో కలిపి ఎనిమిదైపోతుంది. రాత్రిపూట ఆ వైపు ఆటో దొరకడం కష్టం. నేనైతే హాల్లోనే ఎవరు సిటీ వైపు వెళ్తున్నారో కనిపెట్టేస్తాను.

గేటు దగ్గర 'ఎవరి కోసం?' అని అడుగుతారు. 'లెక్చరుకు' అంటే చాలదు, ఏ హాలు, ఏ టైము చెప్పాలి. రిజిస్టరులో పేరు, ఫోను నంబరు రాయించుకుంటారు.

అరగంట ముందు వెళ్లండి. మొదటి రెండు వరసలు అతిథులకు. చివరి వరసలు మధ్యలో లేచిపోవాలనుకునే పిల్లలకు. మీరు మధ్యలో, నడవ పక్క కుర్చీ పట్టండి. మైకు తెచ్చే వాలంటీరు అటువైపే నడుస్తాడు.

మొదటి పావుగంట జ్యోతి ప్రజ్వలన, శాలువా, మొక్క బహూకరణ, పరిచయం. పరిచయంలో ఒక్కటి రాసుకోండి: స్పీకర్ ఈ విషయంలో ఎవరి తరఫున వాదించారు, లేదా ఏ కమిటీలో ఉన్నారు. అది తెలిస్తే తర్వాత ఆయన దేన్ని పొగుడుతున్నారో, దేన్ని దాటేస్తున్నారో తెలుస్తుంది. తక్కినది నిశ్చింతగా వదిలేయొచ్చు.

వినడం, రాసుకోవడం

నేను పేజీని నిలువుగా మూడు గడులు చేస్తాను. చట్టంలో ఏముంది, కోర్టు ఏమంది, ఈయన ఏమంటున్నారు. లా లెక్చర్లలో ఈ మూడూ ఒకే గొంతుతో, ఒకే వేగంతో వచ్చేస్తాయి. విడదీయకపోతే ఇంటికొచ్చి 'చట్టం మారిందంట' అని చెప్పేస్తాం, నిజానికి అది మారాలని ఆయన కోరిక మాత్రమే. మాటల్ని బట్టి పట్టుకోవచ్చు. 'సెక్షన్ సేస్' అంటే మొదటి గడి. 'ది కోర్ట్ హెల్డ్' అంటే రెండోది. 'ఐ సబ్మిట్' అంటే మూడోది. వకీళ్లుగా పనిచేసినవాళ్లకు ఆ 'ఐ సబ్మిట్' నోట్లోంచి పోదు, రిటైరైనా సరే. అది వినగానే పెన్ను మూడో గడిలోకి జరపండి.

కేసుల పేర్లు వినగానే కంగారు పడకండి. పేరు సగం, సంవత్సరం మొత్తం రాస్తే చాలు, ఇంటికొచ్చి వెతుక్కోవచ్చు. 'నైన్టీన్ నైన్టీ సెవెన్, ఎయిట్ ఎస్‌సీసీ, వన్ నైన్టీ వన్' అంటారు చూడండి, అది సమత కేసు చిరునామా: 1997వ సంవత్సరం, ఎనిమిదో వాల్యూము, సుప్రీంకోర్టు కేసెస్ అనే రిపోర్టు, 191వ పేజీ. ఇంటి నంబరు, వీధి చెప్పినట్టే.

సెక్షన్ నంబర్లు ఇప్పుడు పెద్ద తలనొప్పి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లది 358 అయింది. జీవితమంతా 420 కొట్టిన వేళ్లకు అది 318 అంటే ఎక్కదు. స్పీకర్లకూ ఎక్కలేదు, పాతదీ కొత్తదీ కలిపి మాట్లాడతారు. అందుకని నంబరు వినగానే పక్కన 'పా' అనో 'కొ' అనో రాసుకోండి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి రెండూ ఇంకా చాలాకాలం వినబడతాయి.

లాటిన్ మాటలు పదో పన్నెండో, అంతకుమించి ఉండవు. నాకు అర్థమైన భాషలో నాలుగు చెప్తాను. లోకస్ స్టాండై: 'ఈ కేసు వేయడానికి నువ్వెవరు?' అంటే మన దగ్గర ఉండాల్సిన జవాబు. సువో మోటు: ఎవరూ అడక్కుండా కోర్టు తనంతట తానే తీసుకోవడం. రేషియో: తీర్పు ఏ కారణం మీద నిలబడిందో అది, కింది కోర్టులు దానికే కట్టుబడాలి. ఒబిటర్: జడ్జిగారు మాటవరసకు అన్నది. పేపర్లలో హెడ్డింగ్ అయ్యేది ఎక్కువగా ఈ చివరిదే.

ఇంగ్లీషు వేగంగా ఉంటే అన్నీ అర్థం కావాలని పట్టుబట్టకండి. మొదటి నెలల్లో నాకు పదింట నాలుగే అందేవి. మీరు ముందు చదివిన ఆ ఒక్క సెక్షన్ చుట్టూ తిరిగే మాటలు దొరికితే ఆ రోజుకి చాలు. యూట్యూబ్‌లో పెడతారా అని వాలంటీరును అడగండి. పెట్టేట్టయితే రెండోసారి వేగం తగ్గించి వినొచ్చు. అడక్కుండా మీరు రికార్డు చేయకండి, కొందరు స్పీకర్లు ఒప్పుకోరు.

ప్రశ్న అడగడం

నా మొదటి ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

భూమి రికార్డుల మీద లెక్చరు. అప్పట్లో మా చిన్నాన్న పొలం, ఎకరం ఇరవై గుంటలు, నిషేధిత జాబితాలో పడి అమ్ముకోవడానికి లేక ఇంట్లో ఒకటే టెన్షన్. మైకు నా చేతికి రాగానే మొదలుపెట్టాను. తాతగారు ఎప్పుడు కొన్నారు, పాస్‌బుక్ ఎప్పుడొచ్చింది, పక్క సర్వే నంబరు వాళ్లు ఏమన్నారు, ఎన్ని అర్జీలు పెట్టాం. మధ్యలో మా పిన్ని ఆపరేషన్ కూడా వచ్చింది. నిర్వహించే అమ్మాయి రెండుసార్లు 'మేడం, ప్రశ్న' అంది. మూడోసారి స్పీకరే, ఎంతో మర్యాదగా, "అమ్మా, ఇది మీ వకీలుగారిని అడగాల్సింది" అన్నారు. హాలు నవ్వింది. నవ్వాల్సిందే, నేనే ఐదు నిమిషాలు తినేశాను. వెనక చెయ్యెత్తిన నలుగురికి ఛాన్సే రాలేదు.

తప్పు నా బాధలో లేదు, దాన్ని అడిగిన తీరులో ఉంది. అదే సంగతి ఇలా అడిగి ఉంటే సరిపోయేది: 'పట్టా భూమి పొరపాటున నిషేధిత జాబితాలో చేరితే, దాన్ని తీసేయించుకోవడానికి రైతు ఎవరికి, ఏ సెక్షన్ కింద దరఖాస్తు చేయాలి, అధికారికి గడువు ఉందా?' ఇందులో చిన్నాన్న లేడు, పిన్ని ఆపరేషన్ లేదు. కానీ వచ్చే జవాబు మా చిన్నాన్నకూ పనికొస్తుంది, హాల్లో ఉన్న ఇంకో పదిమంది చిన్నాన్నలకూ పనికొస్తుంది.

ఇప్పుడు నేను ఇలా చేస్తాను. లెక్చరు నడుస్తుండగానే ప్రశ్నను నోటుబుక్కులో రాస్తాను. రెండు లైన్లు దాటితే కొట్టేసి మళ్లీ రాస్తాను. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, 'నాకు అనిపించేదేమిటంటే' లాంటివి తీసేస్తాను. మైకు వచ్చాక రాసింది చూసి చదివేస్తాను. చూసి చదివితే చిన్నతనం అనుకోకండి, సుప్రీంకోర్టులో సీనియర్ లాయర్లే కాగితం చూసి చదువుతారు. పేరు చెప్తాను, ఏం చేస్తానో ఒక్క ముక్కలో చెప్తాను, ప్రశ్న చదివి కూర్చుంటాను. 'అద్భుతంగా మాట్లాడారు సార్' అన్న పొగడ్త అక్కర్లేదు. అది పక్కవాళ్ల ప్రశ్న సమయాన్ని తింటుంది.

సమత లెక్చరులో నేను అడిగింది ఇదే కొలతలో: "ప్రభుత్వం కూడా వ్యక్తే అయితే, ఏజెన్సీలో ప్రభుత్వ స్థలాన్ని పెట్రోలు బంకుకు లీజుకివ్వాలంటే ఎవరికి ఇవ్వచ్చు?" తెలుగులోనే అడిగాను. స్పీకర్ తెలుగాయనే, ఒకసారి ఇంగ్లీషులో హాలుకు చెప్పి, తర్వాత జవాబిచ్చారు: సెక్షన్‌లో ఉన్నదే, గిరిజనులకు, లేదా వాళ్లు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు. ఆ తర్వాత ఆయనే బినామీ పేర్ల సంగతి ఎత్తారు, పది నిమిషాలు దాని మీదే నడిచింది. లెక్చరు కాగితంలో ఆ భాగం లేదు. ప్రశ్నల సమయంలో బయటపడేవే అసలు సరుకని నేను ఇప్పటికీ అంటాను. ముందే లేచి టీ దగ్గరికి పోయేవాళ్లను చూస్తే జాలి.

స్పీకరుకు తెలుగు రాకపోతే నిర్వాహకులను ముందే అడగండి, ఎవరో ఒక విద్యార్థి అనువాదం చేస్తారు. చీటీ మీద రాసి ఇచ్చే పద్ధతి ఉంటే అది ఇంకా మేలు.

మీ సొంత కేసే మీ మనసులో ఉంటే, దానికి వేరే చోటుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలో ఉంటుంది. 1987 నాటి చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చెప్తారు. ఇరవై రెండేళ్లు కోర్టు బయట కూర్చుని నేనే ఇది చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. మా చిన్నాన్నను చివరికి అక్కడికే పంపాను.

టీ దగ్గర, ఇంటికొచ్చాక

టీ దగ్గర స్పీకర్ చుట్టూ సెల్ఫీల వాళ్లుంటారు. అది తగ్గేదాకా ఆగి ఒక్కటే అడగండి: 'దీని మీద నాలాంటివాళ్లు చదవగలిగింది ఒకటి చెప్తారా?' ఫోను నంబరు అడగకండి. చదవడానికి అడిగినవాళ్లను ఎవరూ విసుక్కోవడం నేను చూడలేదు. ఒకాయన నా నోటుబుక్కు తీసుకుని తన చేత్తోనే రాసిచ్చారు. ఆ చేతిరాత చూస్తే, ఈయన కాగితాలు కొట్టిన టైపిస్టు ఎవరో గానీ పుణ్యాత్మురాలు అనిపించింది.

'ఇవన్నీ వినొస్తే ఏమొస్తుంది?' అని మా ఆయన అడుగుతుంటాడు. ఆయనకు నేను చెప్పేది ఒక లెక్చరులో విన్న ఇంకో లెక్చరు కథ. 1965 ఫిబ్రవరిలో డీటర్ కాన్రాడ్ అనే జర్మన్ ప్రొఫెసర్ బనారస్ హిందూ యూనివర్సిటీ లా ఫ్యాకల్టీలో మాట్లాడారు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి పైకి రాయకపోయినా లోపల హద్దులుంటాయా అన్నది ఆయన ప్రశ్న. సవరణ పేరుతో, మన ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణాన్నే ఎత్తేసి, ఎవరి ప్రాణాన్నైనా చట్టం అండ లేకుండానే తీయొచ్చు అంటే కుదురుతుందా అని అడిగారు. ఆ వాదనను ఎం.కె. నంబియార్ అనే లాయర్ గోలక్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు తీసుకెళ్లారు. 1967 ఫిబ్రవరి 27న తీర్పు, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో తగ్గించకూడదని ఆరుగురు జడ్జీలు, తగ్గించొచ్చని ఐదుగురు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన కోకా సుబ్బారావుగారు. ఆ మెజారిటీ తీర్పు ఈ వాదనకు బలముందని ఒప్పుకుంది కానీ, దాన్ని తేల్చకుండా వేరే కారణం మీద నిలబడింది. తర్వాత 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసు, పదమూడు మంది జడ్జీలు, ఏడు ఆరు తేడాతో రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చకూడదని తేల్చారు. అందులో జస్టిస్ ఖన్నా కాన్రాడ్ పేరెత్తి మరీ ఆయన మాటను ఉటంకించారు. మా ఆయన ఇది విని, "అయితే నువ్వూ ఒకరోజు రాజ్యాంగం మారుస్తావన్నమాట" అన్నాడు. అది వేరే సంగతి.

ఈ కథ మొదటిసారి విన్నరాత్రి నా నోటుబుక్కులో తలకిందులుగా ఉంది. గోలక్‌నాథ్ తీర్పు చూసి కాన్రాడ్ లెక్చరు ఇచ్చాడని రాసుకున్నాను. తేదీలు సరిచూస్తే లెక్చరు రెండేళ్లు ముందుది. స్పీకర్ తప్పు చెప్పలేదు, నేనే వేగంలో అటూ ఇటూ చేశాను. అందుకే చెప్తున్నా, ఆ రాత్రే నోట్సు ఒక పేజీకి కుదించి తిరగరాయండి, తెల్లారితే మన రాత మనకే అర్థం కాదు. నేను టైపు చేస్తాను, అలవాటు పోదు కదా, లీగల్ సైజు కాగితం మీదే. అడుగున 'సరిచూడాల్సినవి' అని గీత కొట్టి, అనుమానం ఉన్న పేర్లు, సంవత్సరాలు, సెక్షన్లు అక్కడ పెడతాను. మర్నాడు ఇ-ఎస్‌సీఆర్ తెరిచి ఒక్కొక్కటే కొట్టేస్తూ వస్తాను. వాట్సాప్‌లో ఎవరికైనా పంపేది అవన్నీ కొట్టేశాకే.

పోయిన వారం కాగితం కింద మూడు ఉన్నాయి. రెండు దొరికాయి. మూడోది స్పీకర్ చెప్పిన సంవత్సరానికీ, సైట్‌లో ఉన్నదానికీ ఏడాది తేడా వస్తోంది. నిర్వాహకులకు మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.